బోల్టు బిగిసిన వేళ : సలహా మర్యాద



తెలుగు సాంస్కృతిక సంఘపు వేదికపై ప్రసంగమనగానే శ్రోతలు కవిత్వమునో, నాటకమునో, సంగీతమునో ఆశించుట సహజము. నేటి ప్రసంగ విషయము తుపాకి. పేరు వినగానే తల్లులు పిల్లలను దగ్గరకు తీసికొన నక్కరలేదు. ఇందు కాల్పులు లేవు. ఇది కాలని తుపాకి కథ. బోల్టు బిగిసి, కదలక మెదలక మొండికేసిన ఒక తుపాకి, దాని చుట్టును చేరిన నలుగురు సలహాదారులు - ఇదియే వస్తువు. తుపాకి పట్టవలసిన అవసరము సభలో కొందరికే యుండవచ్చును. సలహా చెప్పని వారు మాత్రము ఈ సభలోనే గాదు, ఏ సభలోను ఉండరు.

కథకు రంగస్థలము షాలిమార్. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా వైపున ఉన్న ఈ చోటు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండియు సరకుల యార్డుగా పేరుగన్నది. ఆ రైల్వే వారి పట్టాలు వాల్తేరు దాక సాగినందున పలాస, శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల తెలుగు కుటుంబములనేకము ఉద్యోగార్థమై ఈ దిక్కునకు తరలివచ్చినవి. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేకు నది కావలి ఒడ్డున గార్డెన్ రీచ్‌లో ముఖ్య కార్యాలయము వెలసినది. వాల్తేరు డివిజను 2003 వరకు ఆ రైల్వేలోనిదే. హౌరాకు మారుగా షాలిమార్ నుండి కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సు బయలుదేరుట 2022లో ఆరంభమైన పిమ్మట, ఆ పేరు తెలుగువారి నోట మరింతగా నలిగినది.

ఆ సరకుల యార్డులో .303 తుపాకులు వాడుకలో నున్న దినములలోని ఒక రాత్రిని ఊహింపుడు. రైల్వే రక్షక దళమున క్రొత్తగా చేరిన సిక్కోలు కుర్రవాడొకడు కాపలాకు పోవుటకు ముందు తుపాకి సరిచూచుకొనుచున్నాడు. బోల్టు సగము వరకు పోయి నిలిచిపోయినది. ముందునకు రాదు, వెనుకకు పోదు. బలముగా లాగినాడు, మరింత బిగిసినది. చుట్టునున్నవారు మూగినారు.

మొదటివాడు, “నేల కానించి బూటు కాలితో ఒక్క తన్ను తన్నుము, అదియే ఊడివచ్చును” అనినాడు. రెండవవాడు, “నూనె పోయుము. ఎంత పోసిన నంత మంచిది” అనినాడు. మూడవవాడు, “ఈ గొడవ యెందులకు? ప్రక్క తుపాకి బోల్టు తీసి దీనికి తొడుగుము. రెండును ఒకే సాంచాలోనివి గదా!” అనినాడు. ముగ్గురును అనుభవజ్ఞులే. ముగ్గురి మాటలోను స్నేహమున్నది. ముగ్గురును నవ్వినారు గూడ. కుర్రవాని ముఖము చిన్నబోయినది.

ఈ మూడు సలహాల విలువ తెలియవలెనన్న తుపాకి పనితనము కొంచెము తెలియవలెను. బోల్టు అనగా తుపాకికి తలుపును, గడియయు గూడ. దానిని ముందునకు త్రోసినప్పుడు అది మేగజైనులోని పై తూటాను నెట్టుకొనిపోయి గొట్టపు మొదట నున్న ఛేంబరులో నిలుపును. పిడి క్రిందికి త్రిప్పినప్పుడు గడియ పడును. కాల్చిన పిమ్మట బోల్టును వెనుకకు లాగినచో, దాని కొననున్న కొక్కెము ఖాళీ యిత్తడి గొట్టమును బయటికి లాగివేయును. ఈ పనిలో ఎచ్చట ఆటంకము కలిగినను బోల్టు బిగియును.

.303 తూటాకు అడుగున చుట్టును ఒక అంచు ఉండును. మేగజైనులో పది తూటాలు పట్టును. వానిని నింపునప్పుడు పై తూటా అంచు క్రింది తూటా అంచునకు ముందుండవలెను. పొరపాటున వెనుకబడినచో పై తూటా కదలునప్పుడు క్రింది దాని అంచును తన్నుకొని ఆగిపోవును. ఇది ఒక కారణము. ఛేంబరులో ఇసుకయో, మసియో చేరుట మరొక కారణము. కాల్చినప్పుడు ఇత్తడి గొట్టము ఉబ్బి ఛేంబరు గోడలను పట్టుకొని, పిదప వదలును. గరుకుదనము వలన వదలకపోవుట ఇంకొక కారణము. ఒక్కొక్కప్పుడు గొట్టము తెగి, ముందు భాగము లోపలనే చిక్కుకొనును. బయటి నుండి చూచువానికి ఇవన్నియు ఒక్క తీరుగనే కనబడును : బోల్టు కదలదు.

ఇక సలహాలు. బూటుతో తన్నుమనినవాడు లోపల తూటా ఉన్నదో లేదో అడుగలేదు. తూటా ఉన్న తుపాకిని నేల కానించి తన్నునప్పుడు గొట్టపు మొన ఎవరి గడ్డము క్రింద నుండునో ఆలోచింపలేదు. నూనె పోయుమనినవాడు బోల్టుకు కావలసిన పలుచని నూనె పూతకును, ఛేంబరును నూనెతో నింపుటకును గల భేదము నెరుగడు. ఛేంబరు నూనెతో జారుడైనచో ఇత్తడి గొట్టము గోడలను పట్టుకొనజాలక, ప్రేలుడు తాకిడి నంతయు బోల్టు మీదికే త్రోయును. ఆ బోల్టు వెనుక ఉండునది సైనికుని కన్ను. బోల్టు మార్చుమనినవాని మాట అన్నిటికంటె తియ్యనిది, అన్నిటికంటె అపాయకరము. .303 తుపాకులు ఒకే నమూనావైనను, ప్రతి బోల్టును దాని తుపాకికే కుదిర్చి, ఆ తుపాకి సంఖ్యనే బోల్టు పిడి మీద గూడ చెక్కుదురు. ఒకదానిది మరొకదానికి తొడిగినచో, తొడిగినట్లే యుండును. గడియ పట్టవలసినంత పట్టక పోవచ్చును.

ఈ సూక్ష్మములు కలకత్తా వారికి దూరపు సంగతులు గావు. నగరమునకు ఉత్తరమున, హుగ్లీకి తూర్పు ఒడ్డున ఈషాపూర్ రైఫిల్ కర్మాగారము 1904 నాటిది. .303 తుపాకులు తయారైనది అచ్చటనే. 1962 చైనా యుద్ధము దరిమిలా ఆ నమూనాకే 7.62 మిల్లీమీటర్ల తూటా కనువైన తుపాకి నచ్చట నిర్మించిరి. 2021 అక్టోబరు 1 నుండి ఆ కర్మాగారము ప్రభుత్వ రంగ సంస్థ యొకదాని క్రిందికి వచ్చినది. ఉత్తర ప్రదేశ్ పోలీసులు .303కు వీడ్కోలు పలికినది 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో. నూరేండ్లకు మించి పనిచేసిన ఆయుధమునకు అంత మర్యాద తగినదే.

మరల యార్డునకు వత్తము. నాలుగవవాడు, నడివయసు హెడ్ కానిస్టేబులు, అంతవరకు మాటాడలేదు. ముందుకు వచ్చి, “తమ్ముడూ, లోపల తూటా ఉన్నదా?” అని అడిగినాడు. “ఉన్నది, అన్నా.” “ట్రిగ్గరు నొక్కితివా?” కుర్రవాడు తడబడి, “ఏమో, తగిలినదేమో” అనినాడు. “మంచిది, నిజము చెప్పితివి. గొట్టము ఇసుక బస్తాల వైపు త్రిప్పి పట్టుకొనుము. వ్రేలు బయట నుంచుము. కొంత సేపు కదలవద్దు.” ట్రిగ్గరు నొక్కినను ప్రేలని తూటా ఆలస్యముగా ప్రేలవచ్చునని ఆయన కెరుక. తరువాత మేగజైను తీయించినాడు. మెల్లగా ఒక్కసారి బోల్టు లాగించినాడు. రాలేదు. “ఇంతవరకే నాకు తెలిసినది. ఇక ఇది ఆర్మరరు పని” అని చెప్పి, తుపాకి నట్లే సురక్షితముగా అప్పగింపజేసి, కుర్రవానికి వేరొక తుపాకి ఇప్పించినాడు. నవ్విన ముగ్గురిని ఆయన పల్లెత్తు మాట అనలేదు.

ఆ రాత్రి బోల్టును ఊడదీసినవాడు ఆయన కాడు. అయినను ఆ గదిలో సరియైన సలహా చెప్పినవాడు ఆయన ఒక్కడే. ముందు అడిగెను, పిమ్మట చెప్పెను. తన తెలివి ఎచ్చట ముగియునో అచ్చట ఆగెను. ఆగుట యన్నది చిన్న విద్య కాదు.

సలహా మర్యాదను గురించి మన పెద్దలు చెప్పిన కథలలో అన్నిటికంటె లోతైనది కర్ణపర్వమునందున్నది. బిగిసిన బోల్టునకు మన పురాణములలో సాటి వెదకినచో భూమిలో క్రుంగిన కర్ణుని రథచక్రమే. ఆ రథమును తోలినవాడు మద్రరాజు శల్యుడు. దారి పొడుగునను కర్ణుని కించపరచి, శత్రువును పొగడి, అతని ఉత్సాహమును చంపినాడు. నేటికిని తెలుగువారు ప్రక్కనుండి నిరుత్సాహపరచు వాని పనిని శల్యసారథ్యమనియే పిలుతురు. ఇంతవరకు అందరికిని తెలిసినదే. అందరును గమనింపని ఘట్టమొకటి కలదు. కర్ణుడు అర్జునుని కంఠమునకు నాగాస్త్రమును గురిపెట్టినప్పుడు, ఈ గురి తగులదు, సరిచూచి మరల సంధింపుమని శల్యుడు హెచ్చరించినాడు. ఆ సలహా అక్షరాల నిజము. కర్ణుడు వినలేదు; తాను రెండవసారి సంధింపనని పలికి బాణము విడిచినాడు. కృష్ణుడు రథమును అణగద్రొక్కగా బాణము కిరీటమును మాత్రమే కొట్టుకొనిపోయినది.

ఇందు తప్పెవరిది? కర్ణుని అహంకారముదని చెప్పుట సులభము. దినమంతయు అవమానించిన నోటి నుండి వచ్చిన మంచిమాటను మంచిమాటగా గుర్తించుట ఎంతటివానికైన కష్టమే. ముందటి నూరు ఎత్తిపొడుపులు నూట యొకటవ హితోక్తిని మ్రింగివేసినవి. సలహాకు మర్యాద అలంకారము కాదనుటకు ఇదియే నిదర్శనము. మర్యాద లేనిచో సత్యము గూడ చేరవలసిన చెవిని చేరదు.

యార్డులోని కుర్రవాని సంగతియు నిట్టిదే. ముగ్గురు నవ్విన చోట, ట్రిగ్గరు తగిలినదేమో యని ఎవ్వడు ఒప్పుకొనును? ఆ ఒక్కమాట దాగియున్నచో హెడ్ కానిస్టేబులు గూడ తొందరపడి బోల్టు లాగించెడివాడు. తుపాకి దగ్గర సిగ్గుపరచుట అనగా ప్రమాదమును దాచిపెట్టించుటయే.

ఇది పై నుండి క్రిందికి దిగు సలహా మాట. క్రింది నుండి పైకి పోవు సలహాకు గూడ మర్యాద కలదు. దాని నుల్లంఘించినందులకు మొదటి ప్రపంచయుద్ధమున కెనడా సైన్యము గొప్ప మూల్యము చెల్లించెను. సర్ చార్లెస్ రాస్ అను స్కాట్లండు బేరనెట్టు నిర్మించిన రాస్ రైఫిలును వారు పట్టినారు. దాని బోల్టును త్రిప్ప నక్కరలేదు. తిన్నగా లాగి తిన్నగా త్రోయుటయే. గురి పోటీలలో అది మేటి. 1915 ఏప్రిల్ 22న ఈప్ర దగ్గర జర్మనులు విషవాయువు వదలిన యుద్ధములో, బురదలో, వేగముగా కాల్చవలసి వచ్చినప్పుడు, ఆ బోల్టులు బిగిసిపోయినవి. సైనికులు బూట్లతో తన్నిరి. గునపపు పిడులతో కొట్టిరి. ఆ యుద్ధమున బ్రతికి బయటపడిన సుమారు 5,000 మందిలో 1,452 మంది తమ తుపాకులను పారవైచి, పడిపోయిన బ్రిటిషు సైనికుల లీ-ఎన్‌ఫీల్డులను చేపట్టిరి. క్రింది ఉద్యోగి ఇచ్చు సలహాలలో ఇంతకంటె స్పష్టమైనది ఉండబోదు.

పై వారు వినిరా? 1915 జూనులో సర్ జాన్ ఫ్రెంచి మొదటి కెనడా డివిజనుకు తుపాకులు మార్పించినాడు. తరువాత వచ్చిన డివిజనులు మాత్రము రాస్ రైఫిలుతోనే యుద్ధభూమికి వచ్చినవి. కెనడా సైనిక మంత్రి సర్ సామ్ హ్యూస్ ఆ తుపాకికి పరమభక్తుడు. దాని లోపములను గురించి సేనాధిపతి ఆల్డర్సన్ వ్రాయగా, మంత్రి నిష్ఠురముగా జవాబు వ్రాసి, ఆ జాబు ప్రతులను ఆల్డర్సన్ క్రింది అధికారులకే పంచిపెట్టినాడు. 1916 మేలో ఆల్డర్సన్ ఆ పదవి కోల్పోయినాడు. ఆ సంవత్సరమే తుపాకులన్నియు మారినవి. నవంబరులో మంత్రియు పదవి విడిచినాడు. మాట నిజమైనది, చెప్పినవాని స్థానము పోయినది, మధ్య నెలలలో సైనికుల ప్రాణములు పోయినవి.

పరీక్షింపగా కారణములు చిన్నవియే. బోల్టును ఆపు చిన్న మేకు దాని అంచులను నలుగగొట్టుచుండెను. ఛేంబరు ఇరుకైనందున వేర్వేరు కర్మాగారముల తూటాలు పట్టుకొనిపోవుచుండెను. మేకు పెద్దది చేసి, ఛేంబరు వెడల్పు చేసిరి. అంతకంటె భయంకరమైన సంగతి : శుభ్రపరచుటకు విప్పిన బోల్టును పొరపాటుగ కూర్చినను అది తుపాకిలో దూరును, గడియ పడదు, కాల్చినప్పుడు వెనుకకు వచ్చి కాల్చినవాని ముఖమునే తాకును. తెలిసీ తెలియని సలహాతో బోల్టు విప్పరాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఇది పరదేశపు పాత కథ యని తీసివేయుటకు వీలులేదు. 2023 జూన్ 2న షాలిమార్ నుండి బయలుదేరిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సే ఒడిశాలోని బహనగా బజార్ దగ్గర ప్రమాదమునకు గురియైనది. 290 మందికి పైగా మరణించిరి. రైల్వే భద్రతా కమీషనరు విచారణలో సిగ్నలు తీగల అమరికలోని లోపములు బయటపడినవి. 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజనులో మరొక స్టేషను దగ్గర తప్పుడు తీగల వలననే ఒక సంఘటన జరిగియుండెను. అప్పుడే తగిన దిద్దుబాటు జరిగియున్నచో ఈ ప్రమాదము తప్పియుండెడిదని నివేదిక పేర్కొన్నది. ఆ రైలులో పోయినవారును, వారి కొరకు స్టేషనులలో నిలిచినవారును మన ఇరుగుపొరుగువారే. ముందొక చోట బిగిసిన బోల్టు ఇచ్చిన సలహా తరువాతి చోటికి చేరవలెను. అది చేరకపోవుట ఎంతటిదో చెప్పుటకు మాటలు చాలవు.

కావున, దస్త్రముల నడుమ జీవించు ఉద్యోగులకు తెలిసిన భాషలోనే సలహా మర్యాదను చెప్పుకొనవచ్చును. మంచి నోటునందు మొదట వాస్తవములు, పిమ్మట నిబంధన, ఆపై సూచన, అడుగున సంతకము ఉండును. సలహాకును ఇవే అంగములు. వాస్తవములు తెలియక సూచన చేయరాదు; కనుక అడుగుట మొదటి మర్యాద. కారణము చెప్పకుండ ఆజ్ఞాపింపరాదు. కారణము తెలిసినవాడు రేపు తానే ఆలోచించుకొనును. నలుగురిలో నవ్వరాదు. తన కెరుకలేనిచో లేదని పలికి, తెలిసినవాని వద్దకు పంపవలెను. అన్నిటిని మించి, అడుగున సంతకము : ఇది నా మాట, దీని ఫలమునకు నేను బాధ్యుడనని నిలువగలిగినదే సలహా. బూటుతో తన్నుమనినవాడు తుపాకి ప్రేలియున్నచో అచ్చట నిలిచి యుండెడివాడా?

అడుగువానికిని ధర్మమున్నది. జరిగినది జరిగినట్లు, తన తప్పుతో సహా చెప్పవలెను. నలుగురిని అడిగి, తనకు సులభమైన దానిని ఎన్నుకొనరాదు. పని ముగిసిన పిమ్మట ఫలితమును సలహా ఇచ్చినవానికి తెలుపవలెను. ఇది చాలమంది మరచునది. ఫలితము తెలియని సలహాదారు అదే తప్పును మరి పదిమందికి చెప్పును.

సలహా ఎవరి వద్ద గ్రహింపబడెనో వారిని స్మరించుట గూడ మర్యాదయే. షాలిమార్‌కు కూతవేటు దూరమున శిబ్‌పూర్ వృక్షోద్యానము కలదు. 1793లో దాని బాధ్యత స్వీకరించిన విలియం రాక్స్‌బర్గు అంతకు పూర్వము మన సామర్లకోటలో పనిచేసినవాడు. మొక్కలకు లాటిను పేర్లు కూర్చిన ఆ పండితుడు, ప్రక్కనే తెలుగు పేర్లను గూడ వ్రాసి ఉంచెను. ఆ పేర్లు చెప్పిన వారెవరో చరిత్ర కెక్కలేదు. వారి మాట మాత్రము గ్రంథమున నిలిచినది.

షాలిమార్ యార్డులోని మన కుర్రవాడు మరునాడేమి చేసెనో చెప్పి ఈ ప్రసంగము ముగింపవలసియున్నది. ఆర్మరరు తుపాకి విప్పి చూడగా ఒక తూటా అంచు మరొక దాని వెనుక చిక్కుకొని యున్నది. నింపుటలో జరిగిన పొరపాటు. కుర్రవాడు హెడ్ కానిస్టేబులు వద్దకు పోయి, “అన్నా, తప్పు నాదే. తూటాలు సరిగా నింపలేదు” అనినాడు. ఆయన, “ఈ సంగతి నాకు చెప్పితివి గదా, క్రొత్తగా వచ్చిన ఆ యిద్దరికి గూడ చెప్పుము. నవ్వకుండ చెప్పుము” అనినాడు.

సభాసదులారా, పిల్లవాడు లెక్క తప్పినప్పుడు, కోడలు క్రొత్తగా వంటింట అడుగిడినప్పుడు, క్రొత్త గుమాస్తా దస్త్రము తారుమారు చేసినప్పుడు, ప్రతి యింటను, ప్రతి కార్యాలయమునను ఒక బోల్టు బిగియుచునే యుండును. చుట్టును నలుగురు చేరుదురు. వారిలో ఒక్కడైనను ముందు అడిగి పిమ్మట చెప్పువాడు ఉండుగాక.